మామయ్య నోట్లో నా గొంతు

పోయిన నెల్లో ఒక పొద్దున రమణమ్మ మా ఇంటికి వచ్చి, చేతికిచ్చిన మంచినీళ్లు తాగకుండా పక్కన పెట్టి, వాళ్ల నాన్న గొంతు ఇచ్చెయ్యమంది. రమణమ్మ మా మేనమామ కూతురు. రావికమతం అవతల ఉన్న వాళ్ల ఊరి నుంచి మొదటి బస్సుకే బయల్దేరినట్టుంది. సంచిలో తెచ్చిన బెల్లం, మొహంలో తెచ్చిన మొహమాటం రెండూ ఇంకా విప్పలేదు. మామయ్య పోయి అప్పటికి ఏడాది నిండలేదు. మేనల్లుడికి ఆస్తిలో వాటా ఉండదు కాబట్టి, పోయినాయన తాలూకుది ఏదో నా దగ్గర ఉండిపోయిందని ఒకరు అడగడానికి రావడం నాకు కొత్తగానే ఉంది.

"నువ్వు కాలేజీల సదివినప్పుడు సినిమా తీసేవు గదా బావా. నాన్న పెనం కాడ నిలబడి మాటాడతాడు. ఆ కేసట్టుల ఉన్నాది గొంతు."

"అందులో వినబడేది నేను కదా రమణమ్మా."

"పైన నువ్వు. కింద నాన్న. నువ్వే అన్నావు గదా ఆ రోజు. ఇప్పుడు అన్నిటికీ మిసన్లొచ్చేయంట. పైది లాగేత్తే కిందది వచ్చేత్తాది."

ఇప్పుడెందుకని అడిగాను. అడగాల్సిన ప్రశ్న కాదని అడిగాక తెలిసింది. "మా మనవరాలు అడుగుతంది బావా, తాత పుట్టు మూగోడా అని. ఏటి సెప్పమంటావు? ఊరంతటికీ ఇనబడేలాగ మాటాడీవోడు. మూగోడంట."

మామయ్యకి గొంతులో పుండు లేచి, విశాఖపట్నంలో ఆపరేషను చేసి, ఆ గొంతు తీసేశారు. కారణం చుట్ట అని డాక్టర్లన్నారు. మామయ్య ఒప్పుకోలేదు, కాని అప్పటికి ఒప్పుకోనని చెప్పే సాధనం ఆయన దగ్గర లేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. మెడ మీద చిన్న గుడ్డ కట్టుకుని, పెదాలు మాత్రం మునుపటంత వేగంగానే కదుపుతూ. రమణమ్మ ఆ పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకుంది. ఆయనేమన్నాడో ఊళ్లోవాళ్లకి ఆమే చెప్పేది, తిట్లతో సహా, ఒక్కటీ తగ్గించకుండా. వీడియో తీసే ఫోను ఆ ఇంట్లోకి ఆపరేషను తర్వాతే వచ్చింది. అందుచేత ఫోన్లలో మామయ్య బోలెడంత ఉన్నాడు: పెళ్లిళ్లలో అక్షింతలు వేస్తూ, అరుగు మీద మునిమనవరాలిని ఎత్తుకుని, ఎండలో కళ్లు చికిలిస్తూ. అన్నిట్లోనూ చుట్టూ ఉన్నవాళ్ల గొంతులున్నాయి. ఆయనవి పెదాలే.

వెతుకుతానని చెప్పి పంపేశాను. అది మర్యాదకి అన్న మాట. క్యాసెట్టు ఎక్కడుందో నాకు తెలుసు. అందులో ఏం లేదో కూడా తెలుసు.

మా డిగ్రీ కాలేజీలో జర్నలిజం కోర్సు ఎందుకు పెట్టారో ఎవరూ ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. ఖాళీగా పడి ఉన్న గది ఒకటి ఉండేది, దాన్ని దేనికో దానికి వాడాలి, అంతవరకే నాకు తెలుసు. అది అంతకుముందు కెమిస్ట్రీ వాళ్ల సామాను గది. గంధకం వాసన గోడల్లోంచి చివరిదాకా పోలేదు. వార్త ఎలా రాయాలో, శీర్షిక ఎలా పెట్టాలో, ఎవరు ఏమిటి ఎక్కడ ఎప్పుడు ఎందుకు ఎలా అన్నవన్నీ కుళ్లిన కోడిగుడ్డు వాసన పీలుస్తూ నేర్చుకున్నాం. తర్వాత పనిచేసిన చోట్ల ఏ వాసనా నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదంటే ఆ పునాదే కారణం. మేం పదకొండుమందిమి. మాలో ఆరుగురు బీకాం సీటు దొరక్క వచ్చారు, నలుగురు దొరికినా పొరపాటున వచ్చారు. ఇష్టపడి చేరింది నేనొక్కణ్ణే. మిగతా పదిమందీ నన్ను మొదటి వారం అనుమానంగానూ, తర్వాత జాలిగానూ చూశారు.

శాఖ మొత్తానికి ఒక వీడియో కెమెరా, రెండు వీసీఆర్లు, ఒక టీవీ, ఒక ట్రైపాడు ఉండేవి. ట్రైపాడు కాళ్లు మూడింటిలో రెండు నమ్మదగినవి. కెమెరా మాత్రం బాషా చేతికి తప్ప ఎవరికీ వచ్చేది కాదు. బాషా వాళ్ల నాన్నకి మెయిన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది కనుక బాషాని కాలేజీ అంతా పుట్టు ఇంజనీరుగా పరిగణించేది. ఏది పాడైనా వాణ్ణి పిలిచేవారు, ఒకసారి ప్రిన్సిపాల్ గారి గది తలుపు గడియకి కూడా. వాడు నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం అదే, అదింకా చెడలేదు.

పాఠం చెప్పడానికి సుధాకర్ గారని ఒక పార్ట్ టైం లెక్చరరు వచ్చేవారు. కృష్ణా జిల్లా మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో అక్షరం పొల్లు పోని తెలుగు. ఎప్పుడో రేడియోలో అనౌన్సరు పరీక్షకి వెళ్లి నెగ్గలేదట. ఆ ఉద్యోగం తనకి రాకపోయినా దానికి కావలసిన గొంతు మాత్రం మాలో ఒకడికైనా తెప్పించాలని ఆయన దీక్ష. నల్లబల్లకి ఒక మూల గడి గీసి అందులో ఐదు మాటలు రాశారు: ఏటి, నేదు, సెప్పు, ఎల్లు, గావాల. పైన 'చెరపరాదు' అని రాశారు. ఆ మాటలు మా నోళ్లలోంచి చెరిగిపోవాలి, బల్ల మీంచి చెరిగిపోకూడదు. ఇది కొంచెం వింతగా లేదా అని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఆ గదిలో వేరే పరీక్షలు రాయడానికి వచ్చినవాళ్లు అవి ముఖ్యమైన ప్రశ్నలనుకుని కాగితం మీద ఎక్కించుకుని పోయేవారు.

రోజూ క్లాసు మొదలవగానే పెన్సిలు అడ్డంగా పళ్ల మధ్య పెట్టుకుని 'చెరువు గట్టున చంద్రయ్య చెప్పులు' అని యాభైసార్లు అనాలి. పెన్సిలు తీశాక కూడా చంద్రయ్య చెప్పులు సంద్రయ్య సెప్పులయితే మళ్లీ పెట్టుకోవాలి. "మైకు ముందు నిలబడ్డవాడికి ఊరుండకూడదు," అనేవారు సారు. పదకొండుమందిలో ఊరు తొందరగా పోగొట్టుకున్నది నేను. ఏడాది పట్టింది. సారు నన్ను లేపి నిలబెట్టి సంపాదకీయం చదివించి, మిగతావాళ్లతో, "వినండి, ఇదీ తెలుగంటే," అన్న రోజున నేను గంధకం వాసన మర్చిపోయాను.

మేం అనకాపల్లి గవరపాలెంలో ఉండేవాళ్లం. నాన్న బెల్లం మార్కెట్లో పనిచేసేవాడు. ఇంటికొచ్చి చొక్కా కొక్కానికి తగిలిస్తే పావుగంటలో చీమలు బారు కట్టేవి; అవి ఆ చొక్కాని మాకంటే ఎక్కువగా నమ్ముకున్నాయి. పొద్దున్నే అమ్మ చోడి అంబలి గిన్నెలో పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టేది. వంటింట్లో ఆ పులిసిన వాసన, పిడకల పొగ, అమ్మ పైట చెంగులో చుట్ట వాసన కలిసి ఒక్కటే వాసనగా ఉండేవి. ఆ వాసన వచ్చిందంటే తెల్లారిందని లెక్క. సారు మెచ్చుకున్న మర్నాడు ఆ పొగలో నిలబడి, "అమ్మా, అల్పాహారం ఏమైనా ఉందా?" అని అడిగాను.

అమ్మ గొట్టంతో పొయ్యి ఊదడం ఆపి నా వైపు చూసింది. "అల్పాహారమంటే ఏట్రా? అంబలేనా? అయితే అదే ఉన్నాది." తర్వాత నాన్నకి వినబడేలా, "ఏవండీ, ఎవులో ఆపీసరు గారొచ్చేరు. పీటెయ్యండి," అంది.

నాన్న నిజంగానే పీట తెచ్చి వేశాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. తర్వాత తర్వాత ఆ ఎగతాళి తగ్గిపోయింది. దాని బదులు అమ్మ నాతో మాట్లాడేటప్పుడు ఆచితూచి మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఏదో అనబోయి, మాట మార్చుకుని, చివరికి ఏమీ అనకుండా గిన్నె నా ముందుకి జరిపేది. ఇంట్లో భాష బాగుపడుతోందని నేను సంతోషించాను.

ఆఖరి ఏడాది ఒక డాక్యుమెంటరీ తియ్యాలన్నారు. విశాఖపట్నంలో కాలేజీల పోటీ ఉంది, మంచిది తీస్తే మన కేబుల్ టీవీలో కూడా వేస్తారన్నారు సారు. విషయం స్థానికంగా ఉండాలి, భాష ఉండకూడదు. "అంటే మనుసులు ఇక్కడోళ్లు, నోళ్లు మీ వైపువా సార్?" అని బాషా అడిగాడు. సారు నవ్వలేదు. బెల్లం వండటం తీద్దామని నేనన్నాను. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని సారు అడిగితే, మా మామయ్య అనవలసిన చోట "రావికమతం వైపు ఒక రైతుని సంప్రదించాం సార్" అన్నాను. క్లాసులో ఇద్దరమ్మాయిలుండేవారు, ఇద్దరూ టౌనువాళ్లు. సంప్రదించాం అన్న మాట వాళ్లకి వినబడిందో లేదోనని వెనక్కి తిరిగి కూడా చూశాను.

చెరకు కాలంలో ఆ ఊరి చుట్టూ పొయ్యిలే. పిప్పి మంట మీద పెద్ద పెనం, పెనం నిండా రసం, పైకి తేలే మడ్డిని తీసి పారేసే జల్లెడ గరిటె, చుట్టూ తియ్యని ఆవిరి. మామయ్య ఆ చుట్టుపక్కల పాకం చూడ్డంలో పేరున్నవాడు. ఎవరి పెనమైనా దించే ముందు ఆయనకి కబురు వచ్చేది. మిగతావాళ్లు నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసేవారు. ఆయన పెనానికి చెవి ఒగ్గి, కళ్లు మూసుకుని వినేవాడు. ఉడుకుతున్న పాకం చప్పుడు మారేటప్పుడు ఒక్క క్షణం ఉంటుంది, అప్పుడు చెయ్యి ఎత్తేవాడు, నలుగురు పట్టి దించేవారు. ఒక్కసారి కూడా తప్పింది లేదని అత్తయ్య అనేది. మామయ్య విషయంలో అత్తయ్య ఒప్పుకున్న గొప్ప అదొక్కటే.

మేం వెళ్లేసరికి మామయ్య గడ్డం గీయించుకుని, పెళ్లిళ్లకి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. "మసికాడ తెల్లసొక్కా ఏటీ, నీకు మతి పోనాదేటి?" అని అత్తయ్య కేకలేస్తోంది. "నీకేటి తెలుసునే? టీవీల పడితే నోకమంతా సూత్తాది," అన్నాడాయన. బాషా కెమెరా ట్రైపాడు మీద పెట్టి, నమ్మకం లేని కాలికి చెరకుముక్క ఆనించాడు. మైకు నేను పట్టుకున్నాను. మొదలుపెట్టమనగానే మామయ్య గరిటెతో నన్ను చూపించి ఏదో అన్నాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. పెనం చప్పుళ్లన్నీ నోటితో చేసి చూపిస్తూ, ఒకచోట నవ్వుతూ, ఒకచోట ఎవరినో తిడుతూ తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. క్యాసెట్టు వెనక్కి తిప్పి చూసుకుని బాషా, "బావా, ఇది మనం కోసేది నేదు. ఉన్నదున్నట్టు పెట్టేద్దాం," అన్నాడు. అత్తయ్య ఇద్దరికీ అన్నం పెట్టి, వేడి బెల్లం ఆకులో చుట్టి ఇచ్చింది. అప్పటికి రమణమ్మ కొత్త పెళ్లికూతురు, గుమ్మం దగ్గర నిలబడి, "బావా, మా నాన్న బాగా మాటాడినాడా?" అని నాలుగుసార్లు అడిగింది.

ఎడిటింగు అంటే అప్పట్లో ఒక వీసీఆర్లో తిప్పడం, రెండోదాంట్లో ఎక్కించడం. సారు మొత్తం చూశారు. "బాగుంది. చాలా బాగుంది. ఇంతకీ ఈయన మాట్లాడుతున్నదేమిటి?" అన్నారు. నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "నాకు చెప్పడం కాదయ్యా. చూసేవాడికి ఎవరు చెబుతారు? తెలుగు సినిమాకి కింద తెలుగులో అక్షరాలు వేస్తామా? నువ్వు మంచి వ్యాఖ్యానం రాసి, ఆయన మాటల మీద నీ గొంతు ఎక్కించు. మొదటి పది సెకన్లు మాత్రం ఆయన గొంతు ఉంచు. తర్వాత మెల్లగా తగ్గించి నీది వెయ్యి. ప్రపంచమంతా అలాగే చేస్తారు. మనిషి గొంతు ఒక్కసారైనా వినబడాలి, అది మర్యాద."

ఈ పది సెకన్ల సూత్రం మా అందరికీ అంతకుముందే నోటికొచ్చు. ఇంటర్వ్యూ పాఠంలో మొదటి పేజీ అది. సారుని తల్చుకుని చేదుగా మాట్లాడినప్పుడల్లా నాకు ఈ సంగతి కూడా గుర్తొస్తుంది, అంచేత ఆ చేదు పూర్తిగా ఆయన మీద వెయ్యడం కుదరదు.

శుక్రవారం మధ్యాహ్నం. బాషా నమాజుకి వెళ్లాడు. గదిలో నేను, రెండు వీసీఆర్లు, గంధకం. మా వీసీఆర్‌కి ఒక మీట ఉండేది, అది నొక్కి మైకులో మాట్లాడితే బొమ్మ అలాగే ఉండి పాత మాట తుడుచుకుపోయి కొత్త మాట ఎక్కుతుంది. కాపీ చేసిన క్యాసెట్టు మొదటికి తిప్పి ఆ పది సెకన్లు విన్నాను. మామయ్య గరిటెతో నన్ను చూపిస్తూ, "ఈడు మా అల్లుడండి. మా సెల్లి కొడుకు," అంటున్నాడు. ఇంకా ఏదో అంటున్నాడు. నాకు ఆ ఇద్దరమ్మాయిలు కనబడ్డారు, సంప్రదించాం అన్న మాట వినబడింది. మళ్లీ మొదటికి తిప్పి, మొదటి సెకను నుంచే మీట నొక్కి, "ఆంధ్రావనికే తలమానికమైన అనకాపల్లి బెల్లం..." అని మొదలుపెట్టాను. తొమ్మిది నిమిషాలూ నేనే మాట్లాడాను. ఆయన నోటితో పెనం చప్పుళ్లు చేసిన చోట ఏం రాయాలో తోచక "రైతు ఆనందం వర్ణనాతీతం" అని రాశాను. బాషా వచ్చి చూసి, "మొదట్ల కూడా నేదేటి బావా?" అన్నాడు. సారు మాట మార్చారన్నాను. అసలు క్యాసెట్టు ఉంది కదా అని వాడూ నేనూ ఊరుకున్నాం. క్యాసెట్లు తక్కువ కనుక అసలుది కూడా మర్నెల్లో కాలేజీ వార్షికోత్సవానికి వాడేశారు. మామయ్య మాట్లాడిన తొమ్మిది నిమిషాల మీద ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆయన ఏం మాట్లాడాడో ఇప్పుడెవరికీ గుర్తులేదు, అప్పుడూ లేదు.

పోటీలో రెండో బహుమతి వచ్చింది. కేబుల్లో వేసిన రోజు మామయ్య వాళ్లింటికి వెళ్లాను. ఊళ్లో సగంమంది ఆ గదిలోనే ఉన్నారు. తెల్లచొక్కా కనబడగానే ఈలలు. నోరు తెరవగానే నిశ్శబ్దం. మామయ్య ముందుకి వంగి తన నోటికేసి చూసుకున్నాడు, తర్వాత చుట్ట చేత్తో పట్టుకుని గట్టిగా అన్నాడు: "ఎవుడ్రా ఈడు? నా నోట్ల కూకున్నాడు!"

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. గొంతు నాదేనని చెప్పాను. "నీదేటి?" అని ఆయన కొంచెంసేపు విన్నాడు. "బాగున్నాదిరా. కలెక్టరు నాగుంది," అన్నాడు. నా చెవి దగ్గరికి వంగి, పక్కనున్నవాళ్లకి వినబడకుండా అడిగాడు: "మరి నాదేటయ్యింది?"

తుడిచేశాను అనడానికి నోరు రాలేదు. చంద్రయ్య చెప్పుల్లాంటి కష్టమైన మాట కూడా కాదు. "కింద ఉంది మావయ్యా. నీది కింద ఉంది, దాని మీద నాది," అన్నాను.

మామయ్య మొహం తేటపడింది. "అలగా! మడ్డి నాగ నువ్వు పైకి తేలేవన్నమాట. కిందన రసముంది," అన్నాడు. మళ్లీ నవ్వులు. రమణమ్మ అక్కడే ఉంది. ఆ మాట ఆమె దాచుకుంది, ఇన్నేళ్లు.

ఆ రెండో బహుమతి పట్టుకుని నేను హైదరాబాదు వెళ్లాను. మీరు నన్ను చూసి ఉండరు గాని విని ఉంటారు. ఎరువుల ప్రకటనల్లో రైతుని నేను, ప్రభుత్వ చిత్రాల్లో లబ్ధిదారుణ్ణి నేను, వేరే భాషలోంచి వచ్చిన డాక్యుమెంటరీల్లో ముసలి జాలరిని నేను. దాదాపు ముప్పయ్యేళ్లు ఎవరెవరి నోళ్లలోనో కూర్చుని బతికాను, సౌకర్యంగానే. ఇంటికి ఫోను చేస్తే అమ్మ "బాగున్నావా" అని ఒక్కమాట జాగ్రత్తగా అని, "మీ నాన్నకిత్తాను" అనేది. అమ్మకి ఫోనులో మాట్లాడ్డం ఇష్టం ఉండదని అందరికీ చెబుతుండేవాణ్ణి. అమ్మ పోయాక పక్కింటావిడ చెప్పింది, ఆ ఫోనులోనే రమణమ్మతో గంటల తరబడి మాట్లాడేదని.

రెండేళ్ల కిందట అనకాపల్లి తిరిగొచ్చేశాను. మా కాలేజీవాళ్లు మీడియా విద్యార్థులతో మాట్లాడమని పిలిచారు. గంధకం వాసన పోయింది. గోడలకి మెత్తలు కుట్టిన స్టూడియో, మా కెమెరా తలొంచుకునేలాంటి ఫోన్లు, నల్లబల్ల లేదు, గడి లేదు. గొంతు గురించి గంటసేపు చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మన బాసలో రెండు ముక్కలు సెప్పండి సార్, రీల్ పెడతాం. ఇప్పుడు అదే నడుస్తంది," అంది. ఎవరూ ఆమె నోట్లో పెన్సిలు పెట్టలేదు. నేను సంతోషంగా గొంతు సవరించుకుని, "ఏటర్రా పిల్లలూ, బాగున్నారేటి? సదువులెలగున్నాయి?" అన్నాను. పిల్లలు మర్యాదగా నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం మొహమాటపడుతూ, "ఏటీ అనుకోకండి సార్. అది సినిమాల్లో కామెడీకి పెడతారు సూడండి, అలగున్నాది. మా ఇంట్ల అలగ మాటాడరు," అంది. నిజమే. ఇది రాస్తున్నది కూడా సారు భాషలోనే. ఇంకొకటి చేతికి రావడం లేదు.

రమణమ్మకి ఎదురు చెప్పలేక, చివరికి క్యాసెట్టు బయటికి తీసి, ఆమెని బాషా కొట్టుకి రమ్మన్నాను. రేడియోల కొట్టు ఇప్పుడు ఫోన్ల కొట్టయింది. పెళ్లి క్యాసెట్లు ఫోన్లోకి ఎక్కించుకునేవాళ్ల కోసం బాషా ఒక పాత వీసీఆర్ బతికించి ఉంచాడు. స్పిరిట్‌తో దాని తల తుడిచి, క్యాసెట్టు లోపలికి తోశాడు. తెల్లచొక్కా వచ్చింది, గరిటె వచ్చింది, ఇరవయ్యేళ్ల వయసునాటి నా గొంతు వచ్చింది. నాకు ఆ కుర్రవాణ్ణి లేచి కొట్టాలనిపించింది, కాని ఉచ్చారణ మాత్రం నిర్దుష్టంగా ఉంది.

బాషా ఏవేవో తీగలు మార్చాడు, కంప్యూటర్లోకి ఎక్కించి గీతలు చూశాడు. నేను చెప్పవలసింది వాడు చెప్పాడు. "కింద ఏటీ నేదమ్మా. ఈ మిసన్ల పైన ఎక్కిత్తే కిందది తుడిసిపోద్ది. అప్పుడే పోనాది."

రమణమ్మ వాడి వైపు చూడలేదు. "కింద ఉన్నాదన్నావు బావా."

"సారు మొత్తం తీసెయ్యమన్నారు," అన్నాను. సుధాకర్ గారు పోయి చాలా ఏళ్లయింది, ఖండించే ప్రమాదం లేదు. "నేను చిన్నవాణ్ణి కదా, కాదనలేకపోయాను."

ఆమె టీవీ కేసి తిరిగింది. తర్వాత, "ఆ గొంతు తీసెయ్యి బాసా అన్నయ్యా. మొదల్నించి ఎయ్యి," అంది. బాషా చప్పుడు సున్నాకి తగ్గించి క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. మామయ్య గరిటెతో నన్ను చూపించాడు. పదకొండేళ్లు ఆ పెదాలు చదివిన మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి, ఆ నోటితో పాటు మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"ఈడు మా అల్లుడండి. మా సెల్లి కొడుకు. పెద్ద సదువు సదూతన్నాడు. నాకు మాటాడ్డం రాదు గాని, ఈడడిగినాడని సెప్తన్నాను."

బాషా టీవీ మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. పది సెకన్ల సూత్రం వాడికీ నోటికొచ్చు. ఆ పదిలో ఏముందో వాడికిప్పుడు గుర్తొచ్చింది, అవి తీసింది సారు కాదనీ తెలిసింది. మళ్లీ టీవీ కేసి తిరిగిపోయాడు.

రమణమ్మకి ఇవేవీ పట్టలేదు. "పాకం కంటితో సూత్తే మోసపోతారు. ఇనాల. ముందల బుడబుడమంటాది, అది నీల్లు. తరవాత గుబగుబమంటాది, అది రసం. అప్పుడు ఎవులూ మాటాడకూడదు. ఎవుడైనా మాటాడితే, ఒరే నోర్మూయండర్రా అంటాను నాను." ఇక్కడ తెర మీద మామయ్య నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. "తపక్... తపక్... అంటాది. అదిగో. అప్పుడు దించాల. అది దాటిపోతే ఇంకేటి సేసినా బెల్లం అవ్వదు." నాలుకని అంగిట్లో కొట్టి ఆమె చేసిన ఆ చప్పుడు అచ్చంగా పెనంలోంచి వచ్చినట్టుంది. మైకు పట్టుకుని పక్కనే నిలబడి అదంతా విన్నవాణ్ణి నేను. వర్ణనాతీతం అన్న మాట తప్ప నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

తొమ్మిది నిమిషాలయ్యాక ఆమె పైట కొంగుతో మొహం తుడుచుకుని ఫోను బాషా చేతికిచ్చింది. "దీన్ల ఎక్కించియ్యి అన్నయ్యా. సౌండొద్దు. మా గుంటకి, మనవరాలికి, నాను సెప్పుకుంతాను."

"సినిమా నీది బావా," అన్నాడు బాషా, నా మొహం చూడకుండా. "నీ గొంతు తీసెయ్యమంటావా?"

ఆ పది సెకన్ల సంగతి రమణమ్మతో చెప్పాలంటే అదే అదను. ఆమె నా ఎదురుగానే కూర్చుని ఉంది. కొట్టు ముందు రోడ్డు మీద చెరకు లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది, అది పోయేదాకా ఆగాను. పోయాక, "తీసెయ్," అన్నాను. అంతే అన్నాను.

బాషా మళ్లీ మొదటికి తిప్పాడు. తెల్లచొక్కా వేసుకుని, గరిటె నా వైపు చూపిస్తూ, మామయ్య చప్పుడు లేకుండా మాట్లాడుతున్నాడు. ఈసారి ఆయన నోట్లో ఎవడూ కూర్చుని లేడు.